తేదీ ఊడిపోయిన మెసేజీలు: కోవిడ్ కాలంలో ఫోన్లలో తిరిగిన వైద్యం

2021 ఏప్రిల్ నెలాఖరులో, సెకండ్ వేవ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, తెలుగు ఇళ్ళలోని ఫోన్లకు రెండు మెసేజీలు ఇంచుమించు ఒకేసారి చేరాయి. ఒకటి కర్పూరం మూట. కర్పూరం, వాము, లవంగాలు, నాలుగు చుక్కల నీలగిరి తైలం కలిపి గుడ్డలో మూట కట్టి వాసన చూస్తుంటే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుందని అందులో ఉంది. రెండోది బోర్లా పడుకోమనేది. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటో రెండో, ముంగాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకుని బోర్లా పడుకుంటే ఊపిరి మెరుగుపడుతుందని అందులో ఉంది.

రెండూ ఇంట్లో చేసుకోగలిగినవే. రెండింటికీ పెద్ద ఖర్చు లేదు. రెండూ ఆక్సిజన్ గురించే, అదీ ఆస్పత్రుల్లో బెడ్లు లేవని, సిలిండర్లు దొరకడం లేదని అందరూ హడలిపోతున్న సమయంలో. పంపినవాళ్ళు కూడా బంధువులూ స్నేహితులే. వీటిలో ఒకటి కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన సూచన అనీ, ఇంకోదానికి ఏ ఆధారమూ లేదనీ ఫోన్ పట్టుకున్న మనిషికి ఎలా తెలియాలి?

ఆరోగ్య శాఖ కాగితాన్ని చివరిదాకా చదివినవాళ్ళకు ఒక తేడా కనిపించేది. అందులో షరతులున్నాయి. భోజనం చేశాక గంట దాకా బోర్లా పడుకోవద్దు. గర్భిణులు చేయొద్దు. తీవ్రమైన గుండె జబ్బులున్నవాళ్ళు, వెన్నెముక, తొడ ఎముక, కటి ఎముకలు విరిగి ఉన్నవాళ్ళు చేయొద్దు. ఓర్చుకోగలిగినంత సేపే చేయాలి. కర్పూరం మూటకు మాత్రం ఒక్క షరతూ లేదు. ఎవరైనా, ఎప్పుడైనా, ఎంతసేపైనా వాసన చూడొచ్చు. పైగా కర్పూరం ఘాటుకు ముక్కులో చల్లగా అనిపించి గాలి బాగా ఆడుతున్నట్టు తోస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు. ఆ కాస్త ఊరటతో ఆస్పత్రికి వెళ్ళడం పూటో రోజో వాయిదా పడితే కోవిడ్‌లో అదే ప్రాణం మీదికి వస్తుంది.

వైద్యంలో ఏ మాటైనా ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎప్పటిదాకా అన్న నాలుగింటితో కలిపి చెబితేనే నిజం. చేతులు మారేకొద్దీ మొదట రాలిపోయేవి ఆ నాలుగే. బోర్లా పడుకోమన్న మంచి సూచన సంగతీ అంతే. దిండ్ల బొమ్మను మాత్రం కత్తిరించి పంపితే, చూడగానే ఎలా పడుకోవాలో తెలుస్తుంది కానీ గర్భిణులు చేయకూడదన్న సంగతి తెలియదు.

కోవిడ్ కాలపు సోషల్ మీడియా గురించి జరిగిన చర్చ చాలావరకు ఫేక్ న్యూస్ చుట్టూనే తిరిగింది. అబద్ధాలు చేసిన నష్టం పెద్దదే, ఎవరూ కాదనరు. కానీ తెలుగు రాష్ట్రాల అనుభవాన్ని దగ్గరగా చూస్తే, ఒకప్పుడు నిజమై తర్వాత కాకుండా పోయినవీ, ఒక రోగి విషయంలో నిజమై మరొకరికి ప్రమాదంగా మారినవీ తక్కువ దెబ్బ తీయలేదు. వాటి గురించి మాట్లాడుకున్నది మాత్రం తక్కువ.

వైరస్ కంటే ముందొచ్చిన భయం

ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ 2020 ఫిబ్రవరి 15న మ్యూనిక్‌లో మాట్లాడుతూ, పోరాటం ఒక్క మహమ్మారితోనే కాదు, తప్పుడు సమాచారపు వెల్లువతో కూడా అని హెచ్చరించారు. ఆ మాట అనడానికి కొద్ది రోజుల ముందే అప్పటి చిత్తూరు జిల్లాలో ఒక ప్రాణం పోయింది. శ్రీకాళహస్తి దగ్గరి ఒక పల్లెలో సుమారు యాభై ఏళ్ళ వ్యక్తి వేరే అనారోగ్యంతో డాక్టర్లకు చూపించుకున్నాడు. వాళ్ళు మాస్కు పెట్టుకోమన్నారు. ఫోన్లో అప్పటికే కరోనా వీడియోలు తెగ చూస్తున్న ఆ మనిషి, తనకు వచ్చింది కరోనానే అని గట్టిగా నమ్మేశాడు. ఇంట్లోవాళ్ళకు అంటుకుంటుందని వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. చివరికి ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసు కూడా లేదు. మొదటి కేసు మార్చి 12న నెల్లూరులో తేలింది.

ఆయన చూసిన వీడియోలన్నీ అబద్ధాలే అయి ఉండనక్కర్లేదు. చైనాలో ఆస్పత్రులు కిటకిటలాడిన మాట నిజం, జనం చనిపోయిన మాటా నిజం. లేనిదల్లా చిత్తూరు జిల్లాలో ఒక పల్లెలో ఉన్న మనిషికి ఆ రోజున ఆ జబ్బు వచ్చే అవకాశం ఎంత అన్న లెక్క. ఎక్కడో జరుగుతున్నదాన్ని అరచేతిలో చూపించే వీడియోకు, అది చూసేవాడికి ఎంత దూరంలో జరుగుతోందో చెప్పే శక్తి లేదు. ఆ పని దగ్గర్లో ఉన్న ఆరోగ్య వ్యవస్థ చేయాలి.

అదే నెలలో కోళ్ళ పరిశ్రమ కుదేలైంది. చికెన్ తింటే కరోనా వస్తుందన్న ప్రచారానికి ధరలు పడిపోయాయి, ఫారాల వాళ్ళు నిండా మునిగారు. చివరికి ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదిక మీద చికెన్ తిని చూపించారు. ఈటల అప్పుడు ఆరోగ్య మంత్రి. వాట్సాప్‌లో పుట్టిన అనుమానానికి మంత్రులు కోడి కాలు కొరికి జవాబు చెప్పడం కొందరికి తమాషాగా తోచి ఉండొచ్చు. కానీ అది సరైన పనే. చికెన్ సురక్షితం అని ఇంగ్లిష్‌లో ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంటే అది పల్లెకు చేరదు. తింటున్న ఫోటో చేరుతుంది, అదీ వదంతి నడిచిన దారిలోనే.

ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలోనే బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలకు చెందిన పది మంది దాకా ఉమ్మెత్త రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఉమ్మెత్తతో కరోనా రాదని చెప్పిన టిక్‌టాక్ వీడియో ఒకటి చూసి చేసిన పని అది. ఉమ్మెత్త కాయ గుండ్రంగా, ఒంటి నిండా ముళ్ళతో ఉంటుంది. టీవీల్లో రోజూ చూపిస్తున్న వైరస్ బొమ్మా అలాగే ఉంటుంది. ఆ పోలికే నమ్మకానికి ఊతమైంది. ఉమ్మెత్త గింజల్లో అట్రోపిన్ వంటి విషాలుంటాయని పల్లెల్లో పెద్దవాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, పేరు తెలియకపోయినా పశువులను దాని దగ్గరికి పోనివ్వరు. తరతరాలుగా ఉన్న ఆ ఎరుకను ఒక చిన్న వీడియో పక్కకు నెట్టేసిందంటే, జనం మూర్ఖులని తేల్చేయడం తేలిక. వాళ్ళ చేతిలో అప్పటికి మందు లేదు, టీకా లేదు, బయటికి వెళ్ళే వీలు లేదు. ఏదో ఒకటి చేయాలన్న తపన మాత్రం ఉంది. ఆ తపనకు ప్రభుత్వం ఇచ్చిన పని చేతులు కడుక్కోవడం ఒక్కటే.

ప్లాస్మా, రెమ్‌డెసివిర్, ఒక ప్రిస్క్రిప్షన్ ఫోటో

సెకండ్ వేవ్ నాటికి పరిస్థితి మారింది. మందుల గురించి సమాచారం ఉంది. నిజమైన సమాచారమే. దాని తేదీలే ఎవరికీ పట్టలేదు.

ప్లాస్మా సంగతి చూద్దాం. కోలుకున్నవారి రక్తంలోని ప్లాస్మాను జబ్బుపడినవారికి ఎక్కిస్తే అందులోని యాంటీబాడీలు పని చేస్తాయన్నది 2020 మధ్యలో శాస్త్రవేత్తలకు కూడా ఉన్న ఆశ. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో సైబరాబాద్ పోలీసులు ప్లాస్మా దాతల కోసం ప్రచారం చేశారు, సినిమా ప్రముఖులు గొంతు కలిపారు. మంచి ఉద్దేశం, అప్పటికి ఉన్న తెలివిడి ప్రకారం సబబైన పని. కానీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మన దేశంలోనే 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగుల మీద చేసిన పరిశోధన ఫలితాలు 2020 అక్టోబరులో అచ్చయ్యాయి. ప్లాస్మా వల్ల జబ్బు ముదరడం ఆగలేదు, మరణాలు తగ్గలేదు. అది బయటికి వచ్చిన ఆరు నెలలకు, 2021 ఏప్రిల్‌లో, తెలుగు ట్విట్టర్ నిండా, వాట్సాప్ స్టేటస్‌ల నిండా అవే విన్నపాలు: అర్జెంటుగా ప్లాస్మా కావాలి, బి పాజిటివ్, ఫలానా ఆస్పత్రి, ఫలానా అటెండెంట్ నంబరు.

ఆ విన్నపాలు పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. డాక్టరు తెమ్మన్నారు కనుక అడిగారు. డాక్టరు తెమ్మన్నది, జాతీయ చికిత్సా మార్గదర్శకాల్లో ప్లాస్మా ఇంకా ఉంది కనుక. అక్కడి నుంచి దాన్ని తీసేసింది 2021 మే 17న. పనికిరాదని మన దేశపు పరిశోధనే తేల్చిన దానికోసం ఆ మధ్యకాలంలో ఎన్ని కుటుంబాలు అర్ధరాత్రి దాకా ఫోన్లు చేస్తూ కూర్చున్నాయో, ఎంతమంది కుర్రాళ్ళు బైకులేసుకుని బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగారో ఎవరి లెక్కలోనూ లేదు. ఇక్కడ తప్పు మోయాల్సింది సోషల్ మీడియా ఒక్కటే కాదు. అది అడిగినదాన్ని అడిగినట్టు వేగంగా మోసింది. మార్గదర్శకాలు నిదానంగా కదిలాయి.

వైరస్‌ను అడ్డుకునే ఇంజక్షన్ రెమ్‌డెసివిర్‌ది ఇంకా చిక్కైన కథ. 2020 జూన్‌లో మన దేశంలో అనుమతి వచ్చాక దాన్ని ముందుగా తయారు చేసిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన హెటిరో ఉంది. కాబట్టి తెలుగువాళ్ళకు ఆ పేరు బాగా పరిచయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన సాలిడారిటీ పరీక్షల్లో ఆస్పత్రుల్లో చేరిన రోగుల మరణాలపై దాని ప్రభావం అంతగా లేదని 2020 అక్టోబరులో వెల్లడైంది. నవంబరులో ఆ సంస్థ దాన్ని వాడొద్దని సూచించింది. 2021 ఏప్రిల్‌లో మాత్రం ఆ ఇంజక్షన్ వయల్ సంజీవని అయి కూర్చుంది. ఎక్కడ దొరుకుతుందో చెప్పే ఫోన్ నంబర్లు గ్రూపుల్లో తిరిగాయి. వాటిలో కొన్ని మోసగాళ్ళవి. అడ్వాన్స్ వేయించుకుని ఫోన్ స్విచాఫ్ చేసినవాళ్ళున్నారు, బ్లాకులో అమ్ముతూ పోలీసులకు దొరికినవాళ్ళున్నారు. మరి రెమ్‌డెసివిర్ దండగా అంటే, అదీ చెప్పడానికి లేదు. జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నవారికి తొలి రోజుల్లోనే ఇస్తే ప్రయోజనం ఉందని తర్వాతి పరిశోధనల్లో తేలి, 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మేరకు సూచన మార్చుకుంది. ఒకే మందు మీద రెండేళ్ళలో మూడు మాటలు. ప్రతి మాటకూ ఆ రోజున ఆధారం ఉంది. తేదీ చూడకుండా ఏ ఒక్కదాన్ని ఫార్వర్డ్ చేసినా తప్పుదారి పట్టించినట్టే.

వీటన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ప్రిస్క్రిప్షన్ ఫోటో గురించి. సెకండ్ వేవ్‌లో గ్రూపుల్లో విరివిగా తిరిగిన వాటిలో ఇదొకటి. ఎవరో డాక్టరు ఎవరో రోగికి రాసిన చీటీ. పేరు చెరిపేసి ఉంటుంది, లేదా ఉండదు. కింద ఒక వాక్యం: మా బాబాయికి ఇవే వాడాం, వారంలో తగ్గిపోయింది, అందరికీ ఉపయోగపడుతుందని పెడుతున్నా. అందులో యాంటీబయాటిక్ ఉంటుంది, విటమిన్లుంటాయి, మధ్యలో ఒక స్టెరాయిడ్ ఉంటుంది. చీటీ నకిలీ కాదు. బాబాయికి తగ్గిన మాటా నిజం. పెట్టిన మనిషిది నూటికి నూరుపాళ్ళు మంచి మనసు.

స్టెరాయిడ్ కోవిడ్‌లో ప్రాణాలు నిలబెట్టిన మందే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో, వెంటిలేటర్ మీద ఉన్నవారికి డెక్సామెథసోన్ ఇస్తే మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయని 2020 జూన్‌లో తేలింది. అదే పరీక్షలో తేలిన ఇంకో సంగతి, ఆక్సిజన్ అవసరం లేని రోగులకు దానివల్ల ప్రయోజనం లేదని. పైగా తొలి రోజుల్లో, వైరస్ ఇంకా పెరుగుతున్న దశలో స్టెరాయిడ్ వేస్తే దాన్ని ఎదుర్కోవాల్సిన రోగనిరోధక శక్తినే అణచినట్టవుతుంది. షుగర్ ఉన్నవారిలో అది ఇంకా పెరుగుతుంది. బాబాయి ఏ రోజున, ఎంత ఆక్సిజన్ ఉన్నప్పుడు, ఎన్ని రోజులు ఆ మాత్ర వేసుకున్నాడో ఫోటోలో ఉండదు. ఉన్నా, మందుల షాపుకు వెళ్ళి ఫోన్ చూపించి అవే ఇవ్వమనేవాళ్ళు అంత చదవరు. షాపువాళ్ళూ చాలాచోట్ల అడక్కుండానే ఇచ్చేశారు.

మే నెలలో బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు వచ్చిపడింది. మే 20న తెలంగాణ దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ అదే నెలలో ఆరోగ్యశ్రీలో చేర్చింది. అదుపులో లేని షుగర్, అవసరం లేకుండానో అవసరానికి మించో వాడిన స్టెరాయిడ్లు దానికి ముఖ్య కారణాలని డాక్టర్లు చెప్పారు. ఆ స్టెరాయిడ్లన్నీ వాట్సాప్ చీటీల పుణ్యమే అనడం అన్యాయం, డాక్టర్లే ఎడాపెడా రాసిన సందర్భాలు బోలెడు. అయితే ఏ ఫ్యాక్ట్ చెక్ సంస్థా తప్పు అని ముద్ర వేయలేని ఫోటో ఒకటి, అందులోని ప్రతి అక్షరమూ నిజమే అయిన ఫోటో, జనానికి కీడు చేయగలిగిందన్నది ఇక్కడి విషయం. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు ఆ రెండేళ్ళూ తెలుగులో నిజనిర్ధారణ చేసి ఎంతో మేలు చేశాయి. తెలంగాణ ప్రభుత్వం కూడా ఫ్యాక్ట్ చెక్ సైటు పెట్టింది. కానీ వాళ్ళు తేల్చగలిగేది ఈ వీడియో ఎక్కడిది, ఈ మాట ఎవరన్నారు అన్నదే. ఈ మాత్ర మీకు పడుతుందా అన్నది ఎవరూ గ్రూపులో తేల్చలేరు.

కృష్ణపట్నం వీడియో

నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటు వైద్యుడు ఆనందయ్య కోవిడ్‌కు ఇస్తున్న మందు 2021 మేలో రాష్ట్రాన్ని ఊపేసింది. ఆయన డబ్బు అడగలేదు, ప్రచారమూ చేసుకోలేదు. ప్రచారం అంతా వీడియోలు చేశాయి. వాటిలో ఎక్కువగా తిరిగింది ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుది. ఆక్సిజన్ బాగా పడిపోయిన స్థితిలో వచ్చానని, కంట్లో చుక్కలు వేయగానే కోలుకున్నానని ఆయన కెమెరా ముందు చెప్పారు. చెప్పింది నటన కాదు, ఆ క్షణంలో ఆయనకు అలాగే అనిపించింది. మే 21న వేలాది జనం ఆ ఊరికి పోటెత్తారు. అంబులెన్సుల్లో రోగులను తెచ్చారు. పంపిణీ ఆగిపోయింది. ప్రభుత్వం పరీక్షలకు ఆదేశించింది. ఆ హెడ్మాస్టరు తర్వాత నెల్లూరు ప్రభుత్వాస్పత్రిలో చేరి మే నెలాఖరులో కన్నుమూశారు. దాదాపు అదే సమయంలో ప్రభుత్వం కంటి చుక్కలకు తప్ప మిగతా మందుకు అనుమతి ఇస్తూ, డాక్టర్లు రాసిన మందులు మానొద్దని చెప్పింది.

ఈ వ్యవహారంలో ఆనందయ్యను దేవుణ్ణి చేసినవాళ్ళూ, మోసగాడన్నవాళ్ళూ ఇద్దరూ తొందరపడ్డారు. ఆలోచించాల్సింది ఆ వీడియో గురించి. చుక్కలు వేసిన కాసేపటికి తీసిన వీడియో చెప్పగలిగింది ఆ కాసేపటి సంగతే. కోవిడ్ సోకినవారిలో నూటికి ఎనభై మంది దాకా ఆస్పత్రి అవసరం లేకుండానే కోలుకునేవారు. కాబట్టి ఏ మందు ఇచ్చినా, ఏమీ ఇవ్వకపోయినా, వందలో ఎనభై మంది తగ్గిందనే చెబుతారు. ఆ ఎనభై మందే వీడియోల్లోకి వస్తారు. తగ్గనివారు ఆస్పత్రిలో ఉంటారు. చనిపోయినవారు వీడియో తీసుకోలేరు. హెడ్మాస్టరు మరణం వార్తల్లో వచ్చింది, కానీ మొదటి వీడియో చూసిన అన్ని ఫోన్లకూ అది చేరలేదు, చేరే ఏర్పాటూ ఎక్కడా లేదు. ఒక వీడియోను ముందుకు పంపే మీట ఉంది. దాన్ని చూసినవారందరికీ ఇప్పుడు తెలిసిన సంగతి ఇది అని వెంట పంపే మీట లేదు. వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఐదు చేతులకు మించి మారిన మెసేజీని ఒకసారికి ఒకే చాట్‌కు పంపేలా కట్టడి చేసింది. అలాంటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని తర్వాత ప్రకటించింది. అది మంచి పనే. కానీ ఆ కట్టడికి కర్పూరం మూటా, బోర్లా పడుకునే సూచనా ఒకటే.

నాలుగు గంటల పది నిమిషాలకు కనుక్కున్నది

ఇంత చెప్పాక, ప్రాణాలు కాపాడిందీ ఆ ఫోన్లేనని చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో హెల్ప్‌లైన్లు ఎత్తనప్పుడు, ఆస్పత్రుల వెబ్‌సైట్లలో ఖాళీ అని చూపించిన బెడ్లు వెళ్ళి అడిగితే లేనప్పుడు, ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరికొకరు దారి చూపించారు. కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు, సినిమా హీరోల అభిమాన సంఘాల కుర్రాళ్ళు లిస్టులు పట్టుకుని ఒక్కో నంబరుకు ఫోన్ చేసి ఆక్సిజన్ ఉందా, వెంటిలేటర్ ఉందా అని కనుక్కున్నారు. విదేశాల్లోని తెలుగు డాక్టర్లు తమ రాత్రిళ్ళను ఇక్కడి పగళ్ళకు ఇచ్చి జూమ్‌లో సలహాలు చెప్పారు.

ఆ పిల్లలు మొదట్లో దొరికిన నంబరల్లా పెట్టేవారు. రెండు రోజుల్లోనే తెలిసిపోయింది, అందులో సగం పనిచేయవని, పొద్దున ఉన్న బెడ్డు మధ్యాహ్నానికి ఉండదని, పాత పోస్టు పట్టుకుని రోగి బంధువులు ఊరు ఆ చివరికి పరిగెత్తుతున్నారని. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు పద్ధతి మార్చారు. ప్రతి పోస్టు పక్కన వెరిఫైడ్ అని రాసి టైమ్ వేయడం మొదలుపెట్టారు: సాయంత్రం 4:10కి కనుక్కున్నాం, రెండు బెడ్లున్నాయి. అవసరం తీరిపోతే పోస్టు తీసేయడమో, పైన క్లోజ్డ్ అని రాయడమో చేశారు. ఆరోగ్య సమాచారానికి తేదీ ఎంత ముఖ్యమో గ్రహించి ఆచరణలో పెట్టింది ఇరవయ్యేళ్ళ ఈ పిల్లలు. బెడ్ల విషయంలో వాళ్ళు వేసిన టైము, మందుల విషయంలో వేయాల్సినవాళ్ళు వేయలేదు.

ఆ రోజుల్లో ఇలాంటి విన్నపాలు పెట్టినవారి మీద కేసులు పెడతామని కొన్ని ప్రభుత్వాలు బెదిరించాయి. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం, సోషల్ మీడియాలో కష్టం చెప్పుకున్న పౌరులను వేధిస్తే కోర్టు ధిక్కారంగా చూస్తామని స్పష్టం చేసింది. ఇది చాలా అవసరమైన మాట. తప్పుడు ప్రచారం మీద ప్రయోగించాల్సిన చట్టం, ప్రభుత్వానికి ఇబ్బందిగా ఉన్న నిజం మీదికి మళ్ళడం ఎక్కడైనా జరిగేదే. వుహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అనే కంటి డాక్టరు 2019 డిసెంబరు 30న తన క్లాస్‌మేట్ల వీచాట్ గ్రూపులో కొత్త జబ్బు గురించి హెచ్చరిస్తే, వదంతులు పుట్టిస్తున్నావని పోలీసులు పిలిచి సంతకం పెట్టించుకున్నారు. ఆయన ఫిబ్రవరి 7న అదే జబ్బుతో చనిపోయారు. మన దగ్గర 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాస్పత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు ఒకరు ఎన్95 మాస్కులు సరిపోను లేవని చెప్పిన వీడియో తిరిగితే ఆయన్ను సస్పెండ్ చేశారు. డాక్టర్లు నోరు మూసుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు నింపుతారు, వాళ్ళు డాక్టర్లు కారు.

ప్రభుత్వాలు ఇచ్చిన సమాచారమూ ఆలోచించి ఇస్తే తప్ప మేలు చేయదు. 2020 మార్చి 30 రాత్రి తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో ప్రార్థనలకు వెళ్ళివచ్చినవారిలో ఆరుగురు చనిపోయారని, వెళ్ళినవారు ముందుకొచ్చి పరీక్షలు, ఉచిత వైద్యం చేయించుకోవాలని ప్రకటించింది. ఆ సమాచారం ఇవ్వాల్సిందే, ఆ రాత్రే ఇవ్వాల్సింది. తెల్లారేసరికి అందులోంచి పరీక్షలు, ఉచిత వైద్యం అన్న భాగం మాయమై మతం పేరు ఒక్కటే మిగిలింది. పాత వీడియోలు కొత్త శీర్షికలతో బయటికొచ్చాయి. పండ్ల బండ్లు తోసుకునే ముస్లింలను వీధుల్లోకి రానివ్వని పరిస్థితి దేశంలో పలుచోట్ల వచ్చింది. జబ్బు ఉందేమో చూపించుకోవాల్సిన మనిషి, చూపించుకుంటే వీధిలో తలెత్తుకోలేనని దాక్కుంటే ఆ వీధి మొత్తానికీ ముప్పే.

టీకాల దశలో ఇంకో రకం చిక్కు వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండినవారికి టీకాలు తెరిచిన రోజుల్లోనే, నెలసరికి ఐదు రోజుల ముందూ ఐదు రోజుల తర్వాతా టీకా వేయించుకోవద్దన్న మెసేజీ ఆడవాళ్ళ గ్రూపుల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గిపోతుందని కారణం చెప్పింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వమూ గైనకాలజిస్టులూ వెంటనే చెప్పారు. ఆ లెక్కన చూసుకుంటే నెలలో సగం రోజులు పోతాయి, అదీ స్లాటు దొరకడమే గగనమైన కాలంలో. కానీ ఈ మెసేజీ చూసిన ఆడపిల్ల ఎవరిని అడగాలి? ఇంట్లో మగవాళ్ళ ముందు ఎత్తలేదు, కుటుంబ గ్రూపులో అసలు అడగలేదు, పీహెచ్‌సీలో క్యూ మధ్యలో నిలబడి అడగలేదు. ఖండన ట్విట్టర్‌లో, ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ప్రతి పల్లెలోనూ ఉంది: ఆశా కార్యకర్త. ఆమె చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఆమె తన ఊళ్ళో ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరికి షుగరుందో తెలిసినది. జ్వరాల సర్వేకి ఇంటింటికీ తిరిగింది ఆమే. కానీ ఆమె ఫోన్ పైనుంచి కిందికే పనిచేసింది. సర్క్యులర్లు వచ్చేవి, టార్గెట్లు వచ్చేవి, ఫోటోలు పంపమని అడిగేవారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఈ మాట అనుకుంటున్నారు, ఏం చెప్పమంటారు అని ఆమె పైకి పంపితే, అదే సాయంత్రానికి ఆ జిల్లా డాక్టరమ్మ ఎవరైనా ఒక నిమిషం వాయిస్ మెసేజీ, ఆ ప్రాంతపు యాసలో, తేదీ చెప్పి, ఎవరికి వర్తిస్తుందో చెప్పి రికార్డు చేసి కిందికి పంపే ఏర్పాటు ఉండాల్సింది. దానికి కొత్త యాప్ అక్కర్లేదు. ఉన్న ఫోన్లూ, ఉన్న గ్రూపులూ చాలు. జవాబు చెప్పడం తన డ్యూటీ అని రాసి ఉన్న ఒక డాక్టరు కావాలి, ఆ డాక్టరుకు సస్పెన్షన్ భయం ఉండకూడదు.